కుట్టు వచ్చినందుకే

అరవనాట సింగానల్లూరులో వెంకటేశన్ గారి బనియన్ కంపెనీ గేటుకు, పనికి మనుషులు కావాలని అరవంలో రాసిన బోర్డు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఒక పొద్దున జెబమలర్ తన ఆడబిడ్డ వాసుకిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. జెబమలర్ మిషను మీద మంచి పనిమంతురాలు. వాసుకికి కుట్టు రాదు. దారాలు కత్తిరించగలదు, బట్టలు మడవగలదు.

వెంకటేశన్ ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే విని జెబమలర్‌కు ప్రాణం లేచివచ్చింది.

“మేమూ తెలుగోళ్ళమే అయ్యా,” అంది.

“అట్లనా! రాండమ్మా, రాండి. మీది ఏ వీధి?”

చెప్పింది. వీధి పేరుతోనే కులం తెలిసిపోయి, ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది.

“ఇప్పుడు పని లేదుమ్మా. ఉంటే చెప్పి పంపిస్తా.”

తిట్టలేదు, కసరలేదు. చదువరులు గమనించాలి: ఇటువంటి అన్యాయం ఏ చట్టానికీ చిక్కనంత మర్యాదగా జరిగిపోతుంది.

పక్క సందులో తమిళరసన్ అనే ఆయన చిన్న యూనిట్ నడుపుతున్నాడు. ఆర్డరు నెత్తిమీద ఉంది, మనుషులు చాలడం లేదు. ఆయన వీధి అడగలేదు. గుడ్డ ఇచ్చి కుట్టించి చూశాడు, జెబమలర్‌ను అప్పుడే మిషను ముందు కూర్చోబెట్టాడు. వాసుకిని మాత్రం కుట్టు నేర్చుకుని రమ్మన్నాడు.

కొన్ని నెలలు గడిచాయి. వెంకటేశన్ సరుకులో కుట్లు ఊడిపోతున్నాయని కొనేవాళ్ళు తమిళరసన్ వైపు మళ్ళారు. అక్కడ బాగా కుట్టేది జెబమలరేనని తెలిసి, అప్పుడు వెంకటేశన్ ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

“జరిగింది మనసులో పెట్టుకోవద్దమ్మా. అక్కడికంటే ఎక్కువ కూలి ఇస్తా, రా.”

“మరి మా వాసుకి అయ్యా?”

“దారం కత్తిరించేదానికి ఎవరైనా దొరుకుతారు గదమ్మా. నీ మాదిరి కుట్టేవాళ్ళు దొరకరు. రేపు వస్తా, చెప్పు.”

ఆయన వెళ్ళగానే భర్త మణిమారన్ పొంగిపోయాడు. “చూసినావా! కోర్టుకు పోలే, పోలీసు రాలే. నష్టం వచ్చె, ఆయనే వచ్చె. యాపారమే బుద్ధి చెప్పె!”

అదీ నిజమే అనిపించింది జెబమలర్‌కు. అయినా సంతోషం రాలేదు. తను గెలిచిందా? గెలిస్తే వాసుకి ఇంకా ఇంట్లోనే ఎందుకుంది? తమిళరసన్ మంచివాడా, అవసరంలో ఉన్నవాడా? ఆర్డర్లు తగ్గిననాడు ఆయన కూడా వీధి అడిగితే? ఎటు ఆలోచించినా దారి తోచలేదు.

సాయంత్రం గోవిందన్ దగ్గరికి వెళ్ళింది. ఒకప్పుడు మిల్లులో యూనియన్ నడిపిన మనిషి. వీధిలో అందరికీ ఆయన మాటంటే గౌరవం.

“మామా, నాకేమీ అర్థం కాలే. పోవాలా, వద్దా?”

గోవిందన్ ఆమెను అరుగు మీద కూర్చోమన్నాడు.

“పోయేదీ మానేదీ నీ ఇష్టం పాపా. చట్టం ఉంటే సరిపోతుందని నేను చెప్పను. మా మిల్లులో అన్ని రూల్సూ ఉండె, మన వీధోళ్ళను మాత్రం ఊడ్చే పని దాటనియ్యలే. యాపారం నీకు దారి ఇచ్చె, మంచిదే. కానీ అది నీ కుట్టును చూసె. నిన్ను చూడలే.”

మర్నాడు వెంకటేశన్ వచ్చాడు. “వాసుకిని కూడా తీసుకుంటే వస్తా అయ్యా,” అంది జెబమలర్.

“ఆలోచించి చెప్తా,” అని ఆయన బండి ఎక్కాడు.

చేసింది తప్పో ఒప్పో ఆమెకు తెలియలేదు. కానీ మనం తెలుసుకోవలసింది ఒకటుంది: నష్టానికి భయపడి తెరిచిన తలుపు పనిమంతులకే తెరుచుకుంటుంది, మిగిలినవాళ్ళకు దాన్ని తెరవాల్సింది మనమే.