తాడుకి చివరి మనిషి

పొద్దున్నే లాండ్రీకి పోవడం, సాయంత్రందాకా పరాయివాళ్ళ చొక్కాల కాలర్లు నిలబడేలా ఇస్త్రీ చెయ్యడం, ఇంటికొచ్చి అత్తగారి దెప్పుళ్ళు వింటూ కూర తరగడం. కొత్త దేశంలో ఆమె బతుకు ఇంతే. మాట తడబడ్డా, ఎవరైనా మొహం చిట్లించి మళ్ళీ చెప్పమన్నా ఆమె పాదాలు నేలలోకి దిగిపోయేవి. కొంచెం సిగ్గయితే వేళ్ళదాకా, ఎక్కువైతే చీలమండలదాకా. మట్టయినా గచ్చయినా ఒకటే. మాటిమాటికీ గచ్చు వేయించలేక లాండ్రీ యజమాని ఆమె నిలబడేచోట ఇసుక పోయించాడు. అత్తగారు మాత్రం ఊరుకునేది కాదు.

"మా వైపు ఆడవాళ్ళకీ సిగ్గుంది తల్లీ. తల దించుకుని ఊరుకుంటారు. అద్దెకొంప నేల పాడుచెయ్యరు."

లాండ్రీలో బట్టలేసేవాళ్ళలో ఒకావిడ సిటీ బస్సు నడుపుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళ తాడు లాగుడు జట్టుకి ఆవిడే కెప్టెన్. తడి దుప్పట్ల మూట ఈమె ఒంటిచేత్తో ఎత్తడం చూసి, గురువారం సాయంత్రం క్లబ్బుకి రమ్మంది. మనుషులు తక్కువయ్యారు, ఇలాంటి చేతులు కావాలంది. ఈ దేశం వచ్చాక పనికి తప్ప ఆమెని ఎవరూ ఎక్కడికీ పిలిచిన పాపాన పోలేదు. ఇంకో అర్థం ఎలా తోస్తుంది? గురువారం చీపురూ బకెట్టూ పట్టుకుని అందరికంటే ముందే వెళ్ళి, బట్టలు మార్చుకునే గది శుభ్రంగా కడిగేసింది. బెంచీల కింద ఎండిన బురదంతా గీకింది. జట్టువాళ్ళొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఎంత బాగా కడిగావమ్మా" అంది బేకరీ ఆవిడ నవ్వాపుకుంటూ. "ఆ చేత్తోనే తాడు కూడా ఉతికిపెట్టరాదూ?"

ఆటకి పిలిచారని అప్పుడు తెలిసింది. ఆమె పిక్కలదాకా దిగిపోయింది. ఇద్దరు రెక్కలు పట్టి లాగారు. కదల్లేదు. కెప్టెన్ మాత్రం నవ్వలేదు. సంతలో గేదెని చూసినట్టు ఆమె చుట్టూ తిరిగి చూసింది. తాడు తెచ్చి, కొస ఆమె భుజం మీదుగా తిప్పి చేతుల్లో పెట్టింది. జట్టంతా అవతలి కొస పట్టుకుని లాగినా తాడు జానెడు జరగలేదు.

అలా ఆమె క్లబ్బు మనిషయింది. పేరు బకెట్టమ్మ. ముందువాళ్ళు ఎంత లాగినా చివరి మనిషి కాలూనకపోతే జట్టంతా బొక్కబోర్లా పడుతుంది. ఆ చివరి చోటు ఆమెది. పందెం మొదలయ్యేముందు కెప్టెన్ వెనక్కి తిరిగి, బకెట్టు తెచ్చావా అనేది. అందరూ పకపకా నవ్వేవాళ్ళు. ఆమె దిగిపోయేది. అవతలి జట్టు కొండకి తాడు కట్టి లాగినట్టు లాగి లాగి సోలిపోయేది. గెలిచాక బల్ల చుట్టూ కూర్చుని టీ తాగేవాళ్ళు. ఆమెకీ ఒక కుర్చీ ఉండేది. పక్కావిడ పంచదార అందించేది. ఆ కుర్చీ కోసం ఆమె ఎంత లోతుకైనా దిగేది. పౌరుషం గురించి ఉపన్యాసాలు కుర్చీ ఉన్నవాళ్ళు ఇస్తారు, లేనివాళ్ళు కాదు.

కానీ సిగ్గూ చొక్కా లాంటిదే. ఉతికినకొద్దీ పలచబడుతుంది. చలికాలం గడిచి ఎండలొచ్చేసరికి బకెట్టు మాటకి కాలివేళ్ళు కూడా మునగడం మానేశాయి. కెప్టెన్ కొత్తవి వెతికింది. ఆమె యాసని వెక్కిరించింది, ఇస్త్రీకి కాలిన చేతుల మీద జోకులేసింది. ఒక్కోటీ ఒకటి రెండు పందేలకి పనికొచ్చి అరిగిపోయేది. ఆమెకీ భయం పట్టుకుంది. సిగ్గు రాకపోతే కుర్చీ పోతుంది. పందెం ఉన్న రోజు, సిగ్గుపడాల్సిన సంగతులన్నీ ఇంటిదగ్గరే ఏరి పెట్టుకుని బయల్దేరేది.

ఆ ఏటి ఆఖరి పందేనికి అత్తగారు వస్తానని పట్టుబట్టింది. మోకాళ్ళ నొప్పులు కదా అంటే వినలేదు. కోడలు ఏం వెలగబెడుతోందో చూడాలిగా అంది. తాడు పక్కనే చతికిలబడింది.

ఇంకాసేపట్లో విజిల్ పడుతుంది. కెప్టెన్ వెనక్కి తిరిగి బకెట్టు మాటెత్తింది. ఏమీ కాలేదు. యాస వెక్కిరించింది. ఆమె బూట్లు గడ్డి మీదే ఉన్నాయి. కెప్టెన్ మొహం పాలిపోయింది. ముసలావిడ వైపు వేలు చూపించింది.

"ఆవిడకి చెప్పనా? నీ బలం చూసి తీసుకోలేదు, సిగ్గు చూసి తీసుకున్నామని? అది కూడా పోతే ఇంక నీతో మాకేం పని?"

ఎవరూ నవ్వలేదు. బేకరీ ఆవిడ తాడుకేసి చూస్తూ ఉండిపోయింది. ఆమె అలవాటుగా కళ్ళు మూసుకుంది. అత్తగారు అంతా విన్నది, ఇంక దిగిపోవడమే. నేల ఆమెని తీసుకోలేదు. కళ్ళు తెరిచేసరికి, అందరికంటే ముందు నిలబడ్డ కెప్టెన్ మోకాళ్ళదాకా నేలలోకి దిగిపోయి ఉంది.

విజిల్ పడింది. అవతలివాళ్ళు ఒక్క గుంజు గుంజారు. పాతుకుపోయిన కెప్టెన్ చేతుల్లోంచి తాడు కోసుకుంటూ పోయింది. వెనకవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. అందరితోపాటు ఆమె కూడా పడింది.

కెప్టెన్ని పైకి తియ్యాలని జట్టువాళ్ళు కాసేపు లాగారు. లాగినకొద్దీ లోపలికే పోయింది. చూడలేక ఒక్కొక్కరే టీ గదిలోకి జారుకున్నారు. ఆమె కూడా వాళ్ళ వెనకే కదలబోతే అత్తగారు కొంగు లాగినట్టు చొక్కా పట్టి ఆపింది.

"ఎక్కడికే? దాన్ని తియ్యడం వాళ్ళకేం తెలుసు?"

ఆమె వెళ్ళి కెప్టెన్ పక్కన గడ్డిలో కూర్చుంది. వెంటనే చెయ్యివ్వలేదు. ఇవ్వబుద్ధి కాలేదు. నీడలు సాగేదాకా అలాగే కూర్చుంది.

"గుంజుకోకండి" అంది చివరికి. "గుంజుకుంటే ఇంకా దిగుతారు. ముందు మడమ కదపండి."

కెప్టెన్ తలెత్తకుండా కదిపింది. "నీకు ప్రతిసారీ ఇలాగే ఉండేదా?"

"చలికాలం ఇంకా కష్టం. నేల గట్టిగా ఉంటుంది."

తర్వాతి గురువారం కెప్టెన్ అందరినీ దాటుకుంటూ వెనక్కి నడిచి, తాడు కొస తన భుజానికి తనే తిప్పుకుంది. అప్పటికే చీలమండలదాకా దిగి ఉంది. ముందు చోటు ఖాళీ. ఆమె వెళ్ళి అక్కడ నిలబడింది. లాగమని కేక వెయ్యాల్సింది ముందు మనిషే.

ఆమె వేసింది.