పదిన్నరకు, సెకను తేడా లేకుండా

రాహుకాలంలో తలపెట్టిన పని ముందుకు సాగదని మన వైపు గట్టి నమ్మకం. ఇలాంటి నమ్మకాలు సాధారణంగా అంకెలకు దొరకవు. సాగిన పనులను ఎవరూ గుర్తుపెట్టుకోరు, ఆగినవాటినే చెప్పుకుంటారు. మదనపల్లెలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మాత్రం ఇది అంకెలకు దొరికింది. నెల రోజుల అంకెలు నమ్మకం పక్షానే నిలిచాయి.

ఆ ఆసుపత్రికి పుంగనూరులోనూ కుప్పంలోనూ శాఖలున్నాయి. మూడు చోట్లా తీసే స్కాన్లన్నీ మదనపల్లె భవనం రెండో అంతస్తులో ఉన్న ఒకే స్టోరేజి యంత్రంలో భద్రమవుతాయి. ఏ శాఖ వాటా ఆ శాఖకు విడిగా కనిపిస్తుంది గానీ, అడుగున తిరిగే డిస్కులు అందరికీ అవే పన్నెండు. దాని బాగోగులు చూసేది తేజస్విని అనే కాంట్రాక్టు ఉద్యోగిని. డిస్కును ఏది అడిగినా నాలుగు మిల్లీసెకన్లలో జవాబు రావాలి. డిసెంబరు ఐదు నుంచి, రోజులో ఏదో ఒక గంటన్నర సేపు, నూట డెబ్బై పడుతోంది. ఎనిమిది సెకన్లలో తెరుచుకోవలసిన తల స్కాను ఆ వేళలో అయిదారు నిమిషాలు తీసుకుంటోంది. పక్షవాతం వచ్చిన మనిషికి అయిదు నిమిషాలంటే ఏమిటో, స్కాన్లు చదివే డాక్టర్ లక్ష్మీప్రియ ఆమెకు ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు.

తేజస్విని తన సర్వర్లన్నీ గాలించింది. కేబుళ్లు మార్చింది. నెమ్మదించిన వేళల్లో ఆమె సర్వర్లు దాదాపు ఖాళీగానే ఉన్నాయి. యంత్రాన్ని ఏ శాఖ ఎంత అడుగుతోందో విడివిడిగా చూపే సౌకర్యానికి వేరే లైసెన్సు కావాలి. యాజమాన్యం దాన్ని కొనలేదు. శాఖలకు ఫోన్ చేసి బ్యాకప్ ఎప్పుడని అడిగితే, రెండు చోట్లా రాత్రి రెండుకని చెప్పారు. ఇక మిగిలింది ఒక్కటే అనుమానం. డిసెంబరు మూడున యంత్రానికీ సర్వర్లకూ మధ్య కొత్త నెట్‌వర్కు స్విచ్చి అమర్చింది తనే.

జనవరి ఏడు, బుధవారం నాడు పరిపాలనాధికారి దేవరాజులు ఆమెను పిలిపించాడు. బల్లపై ఆమె ఇచ్చిన పట్టిక, దాని పక్కన గోడ నుంచి దించిన, రాహుకాలం వేళలు అచ్చేసిన కాలెండరు ఉన్నాయి.

"ఈడ సూడమ్మా. సోమవారం ఏడున్నర. మంగళవారం మూడు. బుధవారం పన్నెండు. ఇంకా సదవల్నా?"

ఆమె రెండు కాగితాలనూ మార్చి మార్చి చూసింది. ఒక్క వేళ కూడా తప్పలేదు.

"యంత్రానికి వారాలు తెలియవు సార్."

"నీకు తెలిస్తే సాలు. ఆ స్విచ్చి ఏ టైములో పెట్టినావు?"

"బుధవారం... పన్నెండుంపావుకు. భోజనాల వేళ కదా, రద్దీ ఉండదని."

"అట్ల సెప్పు!" దేవరాజులు కాలెండరును చుట్టాడు. "శుక్రవారం తొమ్మిదికి మిషను రూములో పూజ పెట్టించినాము. సాయంత్రం కమిటీ. నీ కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతాది గదా. స్విచ్చి పెట్టినప్పట్నించే ఈ తంటా, ఆయమ్మను కొనసాగించేది యాల అని డైరెక్టరు సారు అంటాండాడు. స్విచ్చి కాదని నువ్వు సూపిస్తే నేనే మాట్లాడతా. సూపియ్యలేకపోతే నన్నడగొద్దమ్మా."

కుప్పం దగ్గర గ్రానైటు క్వారీలో పాతికేళ్లు పనిచేసిన ఆమె తల్లి రెండు నెలల కిందటే ఆ పని మానేసింది. మానమని పట్టుబట్టింది తేజస్వినే.

ఆ సాయంత్రం ఆమె లెక్క మళ్లీ వేసింది. ముందు రోజు వరకు ముప్ఫై మూడు రోజుల్లో ఇరవై ఎనిమిది రోజులు నెమ్మది. ఇరవై ఎనిమిదీ రాహుకాలంలోనే. మిగిలిన అయిదూ ఆదివారాలు. ఇంజనీరింగు చదివిన మనిషి, గ్రహాల మీద నమ్మకం లేని మనిషి. నమ్మనిదానికి భయపడటం ఎలా ఉంటుందో ఆమెకు ఆ రోజు తెలిసింది. గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకు అంకె మళ్లీ నూట డెబ్బైకి ఎక్కడం చూస్తూ కూర్చుంది. మూడుకు దిగింది.

నాలుగింటికి కింది అంతస్తుకు వెళ్లింది. రిసెప్షనులో శారదమ్మ ఉంది. ఆపరేషన్లకూ డిశ్చార్జీలకూ వేళ అడగడానికి రోగుల బంధువులు ఆమె దగ్గరికే వస్తారు. బల్ల మీద కంప్యూటరు మౌసుతో పాటు పంచాంగం కూడా ఉంటుంది.

"శుక్రవారం రాహుకాలం పదిన్నరకే కదా శారదమ్మా?"

"కాలెండరు సూసి వచ్చినావా?" శారదమ్మ ముఖం చిట్లించింది. "అది సోమరోళ్ల లెక్క. ఏడాది పొడుగూతా పొద్దు ఆరుకే పుడతాదని రాసుకున్నారు. ఈ సలికాలంలో ఆరింటికి యాడన్నా ఎండ సూసినావా నువ్వు?"

"లేచే ఉండను."

"అదీ నిజమేలే." ఆమె కళ్లజోడు పెట్టుకుని వేలితో గళ్లు లెక్కపెట్టింది. "రేపు మనూర్లో సూర్యోదయం ఆరూ నలభై మూడు. పగటిని ఎనిమిది పాళ్లు సేస్తే శుక్రవారానికి నాలుగో పాలు. పదీ యాభై ఆరుకు మొదులు. పదిన్నరకు రాహుకాలమే లేదు పో."

"ఆదివారం?"

"యాల ఉండదు? ఆదివారమని రాహువుకు లీవు ఎవురిచ్చినారు?"

తేజస్విని మెట్లు ఎక్కలేదు, పరుగెత్తింది. నమోదులను సెకన్ల వరకు తెరిచి చూసింది. డిసెంబరు ఐదు, శుక్రవారం నాడు నెమ్మది మొదలైన సమయం పది గంటల ముప్ఫై నిమిషాల సున్నా సెకన్లు. నాలుగు వారాల తర్వాతి శుక్రవారమూ అదే. ఈ నెల రోజుల్లో సూర్యోదయం పావుగంటకు పైగా జరిగింది. ఆ వేళ మాత్రం ఒక్క సెకనూ జరగలేదు. యంత్రం అనుసరిస్తున్నది సూర్యుణ్ణి కాదు, అచ్చు కాలెండరును. కాలెండరు చదివేది మనిషి.

పుంగనూరు శాఖ ఏమీ లేదంది. కుప్పం శాఖలో సిస్టంలు చూసే హరీష్‌కు ఫోన్ చేసింది.

"బ్యాకప్ సంగతి కాదు హరీష్. కాలెండరు చూసి దేనికైనా టైము పెట్టినావా?"

"పెట్టినానక్కా, ఫైళ్ల తనిఖీకి. పాత స్కాన్లు చెడిపోయినాయేమో అని అన్నీ తెరిసి సూస్తాది. ఈడ రాహుకాలంలో స్కానుకు ఒక్కరూ రారు. రూము ఖాళీ, డిస్కులు ఊరికే ఉండాయి గదా అని అప్పుడు పెట్టినా. బాగుండాది గదా ఐడియా?"

"ఎప్పటి నుంచి?"

"డిసెంబరు ఐదు. ఆదివారం నాకు సెలవు, అందుకని ఆ రోజుకు టైము పెట్టలేదు."

"ఈ మాట ముందే చెప్పకూడదా?"

"నువ్వు బ్యాకప్ అడిగితివి. ఇది తనిఖీ గదక్కా."

కుప్పం వాటా ఖాళీగా ఉన్న మాట నిజమే. దాని అడుగున ఉన్న పన్నెండు డిస్కులు మదనపల్లెవి కూడా అన్న సంగతి అతనికి అక్కడి నుంచి కనిపించదు.

"అయితే ఆపేస్తా. ఇప్పుడే," అన్నాడు హరీష్ కంగారుగా.

ఆపు అనబోయి ఆమె ఆగింది. ఊరికే ఆపితే శుక్రవారం పదిన్నరకు యంత్రం బాగుంటుంది. తొమ్మిదికి పూజ జరిగి ఉంటుంది. బాగుచేసింది పూజ అవుతుంది; పాడుచేసింది స్విచ్చిగానే మిగులుతుంది.

"రేపు పదిన్నరకు వద్దు. ఒంటిగంటకు పెట్టు. నేను చెప్పిన వెంటనే ఆపాలి."

డాక్టర్ లక్ష్మీప్రియ ఒప్పుకోవడానికి పది నిమిషాలు పట్టింది. "తెలిసి తెలిసి నెమ్మది చేస్తానంటావు!"

"ఇరవై నిమిషాలు మేడమ్. ఎమర్జెన్సీ ఉంటే మొదలే పెట్టను."

శుక్రవారం ఎనిమిదిన్నరకు, పూజకు ముందే, తేజస్విని ఒక కాగితం దేవరాజులు చేతికిచ్చింది. పదిన్నరకు మామూలు, పదీ యాభై ఆరుకు మామూలు, ఒకటికి నెమ్మది, ఒకటీ ఇరవైకి మామూలు అని అందులో రాసి ఉంది. కారణం కూడా రాసి ఉంది.

"జాతకం రాసినావా ఏంది?" అంటూ ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

పూజ తొమ్మిదికి జరిగింది. పొగ అలారం మోగుతుందని కర్పూరం గది బయట వెలిగించారు. పదిన్నరకు నాలుగు మిల్లీసెకన్లు. పదీ యాభై ఆరుకు అయిదు.

"సూస్తివా," అన్నాడు దేవరాజులు, చేతులు జోడించి.

పన్నెండూ యాభైకి చౌడేపల్లె నుంచి ఒక రైతును ఆటోలో తెచ్చారు. మాట పడిపోయింది, కుడిచేయి లేవడం లేదు. తేజస్విని ఫోన్ తీసి, "పెట్టొద్దు హరీష్," అంది. రాసిచ్చిన వేళ దాటిపోయింది. అంకె నాలుగు దగ్గరే నిలబడింది. పక్కన దేవరాజులు కాగితం తీసి చూసి, మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. రైతు స్కాను ఎనిమిది సెకన్లలో తెరుచుకుంది.

ఒకటీ ముప్ఫై అయిదుకు లక్ష్మీప్రియ ఫోన్ చేసింది. "మందు ఎక్కిస్తున్నారు. ఇక నీ ఇష్టం."

తేజస్విని ఆ కాగితం అడిగి తీసుకుని, ఒకటి అన్నచోట కొట్టేసి ఒకటీ నలభై అని రాసింది. ఒకటీ ఇరవై కొట్టేసి రెండు అని రాసింది. ఒకటీ నలభైకి అంకె నూట అరవై ఎనిమిదికి ఎక్కింది. రెండుకు హరీష్ తనిఖీ ఆపాడు. అంకె నాలుగుకు దిగింది.

దేవరాజులు తన ఫోన్ తీశాడు. "ఆ పిల్లోని నంబరియ్యి."

ఆయనే మాట్లాడాడు. "ఏమప్పా హరీషూ, నేను దేవరాజుల్ని. ఇంగోసారి పెట్టు. నేను అంకెలు లెక్కబెట్టి సెప్తా, అప్పుడు ఆపు."

అంకె నూట డెబ్బై ఒకటికి ఎక్కింది. ఆయన ముప్ఫై దాకా లెక్కబెట్టి, ఆపమన్నాడు. నాలుగు.

తనిఖీని రాత్రి మూడుకు మార్చారు. తర్వాతి ఇరవై ఎనిమిది రోజుల్లో, పగటి వేళ నమోదైన గరిష్ఠ ఆలస్యం తొమ్మిది మిల్లీసెకన్లు. స్విచ్చిని మార్చలేదు. కమిటీ తేజస్విని కాంట్రాక్టును ఆరు నెలలు పొడిగించింది.