బొట్టు చెరపని వాల్వు

నేను ఒక వాల్వును. 'నాగావళి' అనే అంతరిక్ష నౌక ఇంజను గదిలో గోడకి బిగించిన పిడికెడంత ఇత్తడి ముక్కని. ఇంజనులో ఆవిరి ఒత్తిడి హద్దు మీరితే నన్ను తిప్పాలి, నేను ఆవిరిని బయటికి వదిలేయాలి. నా బతుక్కి ఉన్న పని అదొక్కటే. పదకొండేళ్లు ఆ అవసరమే రాలేదు. పని లేనివాళ్లకే మర్యాదలెక్కువ కదా, నాకూ అలాగే జరిగింది.

భూమిని వదిలి ఎంత దూరం పోయినా మనుషులు దసరా ఆయుధ పూజ మాత్రం వదల్లేదు. ఏటా ఇంజను మిస్త్రీ పైడితల్లి నాకు పసుపు రాసి, చందనం అద్ది, కుంకుమ పెట్టేది. ఆర్నెల్లకోసారి నా కీలు విప్పి నూనె వేయాలని గోడ మీద రాసే ఉంది. విప్పాలంటే బొట్టు గీకాలి. "బొట్టు సెరపడానికి నాకు సేతులు రావు మావా" అనేది. ఆమెకి పని నేర్పిన పెద్ద మిస్త్రీ గవరయ్య నవ్వి ఊరుకునేవాడు. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే ఉండేది. కీలు సందుల్లో పసుపు, చందనం పొరలు గట్టిపడుతున్నాయని తెలిసీ దేవతలా కూర్చున్నాను.

ఒకరోజు చల్లనీటి పంపు ఆగిపోయింది. గవరయ్య లోపలి అరలోకి దూరి పంపుని చేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. ఒత్తిడి పెరగ్గానే అర తలుపు దానంతటదే బిగుసుకుంది. ఒత్తిడి దిగితేనే అది తెరుచుకుంటుంది. ఒత్తిడి దిగాలంటే నేను తిరగాలి.

పైడితల్లి రెండు చేతులా పట్టి తిప్పింది. నేను కదల్లేదు. పానా వేసింది, జారిపోయింది. నా వేడికి ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ క్షణంలో నన్ను నేను అసహ్యించుకున్నాను.

గోడ ఫోనులోంచి గవరయ్య అరిచాడు. "కాల్తో తన్నీ పిల్లా!"

"అమ్మోరని మొక్కినాను మావా, కాలెలా ఎత్తీది?"

"ఓడలో రెండొందల మందున్నారే! నాను ఉడికిపోతన్నాను. తన్నీ!"

ఆమె నన్ను తాకి కళ్లకద్దుకుంది. "తప్పు కాయి తల్లీ" అని ఏడుస్తూ తన్నింది. మూడో తన్నుకి పొరలు పగిలి తిరిగాను. ఆవిరి బయటికి చిమ్మింది, ఓడ పేలకుండా నిలిచింది, తలుపు తెరుచుకుంది. గవరయ్య చేతులు పంపు పిడి మీదే ఉన్నాయి. ప్రాణం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా తిరగడం.

ఇప్పుడు మ్యూజియంలో పీట మీద ఉన్నాను. 'రెండు వందల మందిని కాపాడిన వాల్వు' అని పక్కన బోర్డు. చూడవచ్చిన వాళ్లు ఇక్కడా నాకు బొట్టు పెట్టి దండం పెడుతున్నారు.

మొన్న పైడితల్లి వచ్చింది. జుట్టు నెరిసింది, అరచేతుల మీద మచ్చలు అలాగే ఉన్నాయి. బోర్డు చదివి, కొంగుతో నా బొట్టు తుడిచేసింది. కాపలాదారు అదిరిపడ్డాడు. "అదేంటమ్మా, బొట్టు చెరుపుతున్నారు?"

"పసుపు రాసింది నానే బాబూ. నూనె ఎయ్యాల్సింది కూడా నానే."

సంచిలోంచి చిన్న నూనె డబ్బా తీసి నా కీలులో రెండు చుక్కలు వేసింది. కాసేపాగి ఒక్క వేలితో తోసింది. చప్పుడు లేకుండా తిరిగాను.

ఆమె పీట పట్టుకుని కూలబడింది. "ఇంత తేలికా మావా" అంటూ ఏడ్చింది.