వాదిమ్ ఇంటి నీళ్లు

యుద్ధానికి భయపడి వెర్బోవా వీధి ఖాళీ చేసి వెళ్లినవాళ్లంతా తాళంచెవులు రయీసాకే ఇచ్చి వెళ్లారు. పిల్లులకు తిండి పెట్టడం, షెల్ పడి అద్దాలు పోతే కిటికీలకు చెక్కలు కొట్టించడం, చలి ముదరకముందే ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్లలో, గోడ రేడియేటర్లలో ఉన్న నీళ్లు వదిలెయ్యడం ఆవిడ పని. ఆ నీళ్లు గడ్డకడితే ఇనుము పగిలిపోతుంది. మొత్తం పద్నాలుగు ఇళ్లు.

ఆ రాత్రికి చలి మైనస్ పదకొండు డిగ్రీలకు దిగుతుందన్నారు. పొద్దుటి నుంచి పక్కింటి యుహీమ్ రబ్బరు గొట్టం భుజాన వేసుకుని ఆవిడ వెంట తిరుగుతున్నాడు. మధ్యాహ్నం రెండింటికి పదమూడు ఇళ్లయ్యాయి. దొనేత్స్క్ వైపు ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి. ఇద్దరూ తల కూడా తిప్పలేదు.

"ఇంకొకటుంది కదా వదినా," అన్నాడు యుహీమ్.

"లేదు."

"మరి ఎదురిల్లు? వాదిమ్‌ది?"

"పగలనీ. ఒక్కో రేడియేటరూ టప్పుమనాలి. పొద్దున్నే అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటాను."

"కుర్చీ నన్ను మొయ్యమనకు. నా నడుముకు ఈ గొట్టమే ఎక్కువ."

యుహీమ్ ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆవిడకిచ్చి, వేళ్లు వెచ్చబడేదాకా ఆవిడ చేతులను తన చేతులతో పట్టి ఉంచాడు.

ఏప్రిల్‌లో షెల్లు పడడం మొదలైనప్పుడు ఆవిడ భర్త నజార్ వీధిలో ఉన్నాడు. పరిగెత్తి వాదిమ్ నేలమాళిగ తలుపు బాదాడు. "చోటు లేదు!" అన్న కేక ఇవతలి గుమ్మంలో ఉన్న రయీసాకు కూడా వినిపించింది. లోపల ఉన్నది వాదిమ్, అతని భార్య, బంగాళాదుంపల బస్తాలు. నజార్ ఆ మెట్ల మీదే పోయాడు. వారం తిరక్కుండా వాళ్లు కారెక్కారు. మొహం చూపించలేక తాళంచెవిని రయీసా గేటుకు తగిలించి పోయారు.

ఫోను మోగింది. ఏడు నెలల్లో వాదిమ్ చెయ్యడం అదే మొదలు.

"రయీసా పిన్నీ, చలి పెరుగుతోందట. మా ఇంట్లో నీళ్లు..."

"వదల్లేదు. వదలను."

అతను బతిమాలతాడని ఎదురుచూసింది. అనవలసిన మాటలన్నీ ఏడు నెలలుగా నాలుక చివరే ఉన్నాయి.

"సరే పిన్నీ," అన్నాడు నెమ్మదిగా. "పగిలిపోనీ. దాంతోనైనా నీ కడుపుమంట చల్లారితే..."

రయీసాకు ఒళ్లు భగ్గుమంది.

"ఓహో! నాలుగు ఇనప ముక్కలు పగిలితే నా మొగుడికి చెల్లా? ఇల్లు కూలింది, ఇంకెక్కడికి వస్తాం అని అక్కడే హాయిగా ఉండిపోదామనా? కుదరదు నాయనా! నీ ఇల్లు చెక్కు చెదరనివ్వను. ఎలకను కూడా దూరనివ్వను. యుద్ధం అయ్యాక నువ్వు రావాలి, వచ్చి ఇక్కడే బతకాలి. రోజూ తలుపు తియ్యగానే ఎదురుగా నేనుంటాను. నువ్వు ఛస్తే తప్ప నా మొహం నీకు తప్పదు!"

ఫోను పెట్టేసి గొట్టం లాక్కుంది. యుహీమ్ అప్పటికే రోడ్డు దాటి ఆ గేటు తీసి పట్టుకున్నాడు.

రయీసా గదిగదికీ తిరిగి, నీళ్లు దిగేలా రేడియేటర్లలోకి గాలి వదిలే మరలు విప్పింది. మురికి నీళ్లు గొట్టంలోంచి గుడగుడమంటూ పెరట్లోకి పోయాయి. ధార సన్నబడింది, ఆగింది. అయినా వంపుల్లో చుక్క మిగిలి ఉంటుందేమోనని పైపుకు నోరుపెట్టి ఊదింది. బుగ్గలు కందిపోయాయి.

"చాలు వదినా, ఎండిపోయింది," అన్నాడు యుహీమ్.

"చాలదు," అని ఊపిరి పీల్చుకుని మళ్లీ ఊదింది.