సర్కారు తీగ

సూర్యాపేట నుంచి కోదాడ దాకా భూమిలో ఉన్న టెలిఫోన్ తీగలన్నీ నేను పాతినవే. మట్టికి చెవి ఆనిస్తే చాలు, ఏ ఇంట్లో కోడలు నిట్టూర్చిందో, ఏ ఇంట్లో మగడు అబద్ధమాడాడో చెప్పగలను. కాబట్టి కరుణ సంగతి చెప్పడానికి నాకంటే తగినవాడు ఈ చుట్టుపక్కల లేడు.

కరుణ ఆ పూట దోసెల పిండి రుబ్బుతోంది. ఆమె భర్త జగదీష్ సూర్యాపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో టెక్నీషియన్. ఊళ్లోకి సర్కారు ఇంటర్నెట్ వచ్చిన కొత్తలోనే తన ఇంటికీ తీగ లాగించుకున్నాడు. ముందుగదిలో కంప్యూటరు పెట్టి, టీవీ మీద మోడెం నిలబెట్టి, భార్యను పిలిచాడు.

"కరుణా, జర చెయ్యి కడుక్కొని ఇటు రా. ఇది సర్కారు తీగ. నువ్వు ఏం నొక్కినా మా ఆఫీసుల తెర మీద కనబడతది. నాకు తెల్వకుండ సీమ గూడ పోదు."

జగదీష్ తల్లి బాలనర్సమ్మ పుట్టిల్లు తిరుమలగిరి పక్కన. గొర్రెలు కాసిన ఇల్లు. కొడుకు మాటకు ఆమె మురిసిపోయింది. "మా నాయిన గొర్రె మెడకు గంట గట్టి చెట్టు కింద పండుకుంటుండె. మంద ఎటు పోయినా సప్పుడైతుండె. గది గిట్లాంటిదేనారా?"

"గదే అనుకోవే."

కరుణ డిగ్రీ చదివింది. ఆఫీసులో అంతమంది కూర్చుని తన వేళ్లను చూస్తారంటే ముందు నమ్మలేదు. వారం తిరగకముందే నమ్మింది. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో ఆడవాళ్లకు ఆఫీసు పనులుంటాయేమోనని ఒక మధ్యాహ్నం వెతికింది. ఆ సాయంత్రం అన్నంలో పప్పు కలుపుకుంటూ జగదీష్ అన్నాడు.

"అమ్మా, నీ కోడలు మిర్యాలగూడల నౌకరి ఎతుకుతున్నది."

"నౌకరెందుకే? ఇంట్ల పనికే నడుం పడిపోతున్నదంటవు గద."

"మా ఆఫీసుల అందరు సదివి నవ్విండ్రు. జగదీషన్నా, ఇంట్ల తిండికి గాసం ఎల్తలేదా అని అడిగిండ్రు. నా ఇజ్జత్ పాయె."

కరుణ ఇంకో గరిటె పప్పు వడ్డించింది. ఆ రోజు నుంచి కంప్యూటరు ముందు కూర్చుంటే ముఖం తెలియని మగవాళ్లు వరసగా కుర్చీలేసుకుని ఎదురుగా కూర్చున్నట్టుండేది. పిండి రుబ్బి రుబ్బి మణికట్టు లాగుతోంది, దానికేం చేయాలో వెతుకుదామనుకునేది. పని దొంగ అనుకుంటారేమోనని మానుకునేది. నెలసరి సంగతి ఒకటి అడగాలని ఉండేది. అమ్మో, అది ఆ మగాళ్ల తెర మీద పడాలా? చివరికి గోంగూర నిల్వపచ్చడి ఎట్లా పెట్టాలని అడిగేది. ఆ పచ్చడి ఆమె పదేళ్ల వయసు నుంచి పెడుతోంది. అత్తగారి బీపీకి ఏం వండాలో అడిగేది. అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, అత్త కాళ్లొత్తడం ఎలాగూ ఉన్నాయి. ఇప్పుడు వాటికి తోడు మంచి కోడలిలా వెతకడమనే పని కూడా నెత్తినపడింది. మిగతా పనులకు కనీసం ముగింపు ఉండేది. అంట్లు బోర్లిస్తే అయిపోతాయి. ఈ మంచితనాన్ని బోర్లించడానికి చోటు లేదు. చీర మార్చుకోవాలన్నా ముందు వెళ్లి మోడెం మీద చాట బోర్లించి వచ్చేది. ఈ కబురు వీధిలో పాకింది. ఆ తర్వాత మోడెం ఉన్న ప్రతి ఇంట్లో దాని మీద ఒక చాటో జల్లెడో పడిందని, బజారులో చాటలు దొరక్క మేదరివాళ్లు రాత్రింబవళ్లు అల్లారని చెప్తారు. చెప్పేది నేనే.

ఇట్లా నాలుగేళ్లు గడిచాయి. విజయవాడ రోడ్డు వెడల్పు చేస్తున్న రోజులు వచ్చాయి. ఒక పొద్దున జేసీబీ పంజా వేస్తే భూమిలోని తీగ పేగులా బయటికొచ్చి తెగింది. నేను పాతిన తీగే. అంటే, గుంత తవ్వింది కాటమ్మ అనే కూలి మనిషి, ఆమె వెంట వచ్చిన ఆడవాళ్లు. పూడ్చిందీ వాళ్లే. నేను మేస్త్రీ పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఎండ మాత్రం నాకూ తగిలింది.

తీగ తెగగానే కరుణకు ఇల్లు చల్లబడినట్టయింది. ఆఫీసు కన్ను మూతపడింది కదా. అప్పటికి ఆమె చిన్ననాటి స్నేహితురాలు నాగరాణి మిర్యాలగూడలో ఒక మిల్లు ఆఫీసులో పని చేస్తోంది. ఆ వారమే బంధువుల పెళ్లిలో కనబడి, "మా సేటు ఇంకో మనిషిని ఎతుకుతుండు. సోమవారంకల్లా రావాలె, లేకుంటే ఇంకొకల్లను పెట్టుకుంటడు. నువ్వొస్తవా?" అని అడిగింది. ఆ మాట కరుణ ఎవరికీ చెప్పలేదు. చెవిటివాడి ముందు మనసులో మాట చెప్పుకున్నట్టు, పైకి ఎక్కడికీ పోదని తెలిసే, కంప్యూటరులో వెతికే పెట్టెలో టైపు చేసింది: మిర్యాలగూడకు పొద్దున మొదటి బస్సు ఎన్ని గంటలకు. పేజీ తెరుచుకోలేదు. అయినా గుండె తేలికపడింది.

సాయంత్రం జగదీష్ ఇంటికి వచ్చాక ఆమె డాబా ఎక్కి, ఆరిన బట్టలు తీసుకుని కిందికి వచ్చి వడ్డించింది. జగదీష్ ముద్ద కలుపుతూ నవ్వాడు.

"మొదటి బస్సు ఎక్కి మిర్యాలగూడ పోతదట. మా ఆఫీసుల ఒకటే నవ్వుడు."

కరుణ గరిటె గిన్నెలోనే ఉంచింది. "తీగ తెగింది గద. ఇంక కలవలేదా?"

"యాడ కలుస్తది? ఊరంత ఫోన్లు బంద్. రేపు గూడ డౌటే..."

అతని చెయ్యి పళ్లెంలో ఆగింది.

కరుణ మజ్జిగ పోసింది. మర్నాడు ఇల్లు ఊడ్చాక కూర్చుని ఆ పెట్టె మీద ఒక్కసారి నొక్కింది. కుక్కరు మూత తీసినట్టు, కంప్యూటరు దాచిపెట్టుకున్న పాత మాటలన్నీ కిందికి దిగాయి. మొదటి బస్సు, అత్తమ్మ బీపీ, గోంగూర, అన్నీ. ఆఫీసు లేదు, తెర లేదు, కుర్చీల వరస లేదు. తను డాబా ఎక్కినప్పుడు ఇదే కుర్చీలో కూర్చుని ఒకడు ఇంత పని చేశాడు. నిజానికి అదీ రోజూ చేసి ఉండడు. ఒకసారి చూసి వదిలితే చాలు. మిగిలిన నాలుగేళ్లూ కరుణను కరుణే కాపలా కాసింది, జీతం లేకుండా.

కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. ఆ మాటలేవీ చెరపలేదు. ఇంటి మనిషి ఎదురుగా చెప్తే వినడు, దొంగతనంగా అయితే ఒక్క అక్షరం వదలకుండా చదువుతాడు. సరే, అక్కడే చెప్దామనుకుంది. నిదానంగా టైపు చేసింది: సోమవారం నుంచి మిల్లు నౌకరికి పోతున్న. అత్తమ్మ గోలీలు అల్మారల ఉన్నయి. పొద్దటి అన్నం మీరు వండుకోండ్రి.

సాయంత్రం జగదీష్ ఇంటికి రాగానే కాసిన్ని బట్టలు పట్టుకుని డాబా ఎక్కింది.

దిగివచ్చేసరికి జగదీష్ పీట మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఉడికిన చామగడ్డలా ఉంది. చదివానని అంటే దొంగ అవుతాడు, తీగ ఇంకా కలవలేదు. చదవలేదంటే సోమవారం వచ్చేస్తుంది.

"ఏందిరా, ఊకున్నవ్? పులుసుల ఉప్పు గిట్ల తక్కువైందా?" బాలనర్సమ్మ అడిగింది.

"లేదే. మంచిగనే ఉన్నది."

సోమవారం కరుణ ఉతికిన చీర కట్టుకుని బస్టాండుకు వెళ్లింది. జగదీష్ వెనకే వచ్చాడు. టిఫిను డబ్బా చేతికిచ్చి, "మిల్లుల దుమ్ముంటది, ముక్కుకు కర్చీఫ్ కట్టుకో" అన్నాడు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఇన్ని చెప్పాక ఒక్క మాట ఒప్పుకోవాలి. చాటలు, జల్లెళ్ల సంగతి అటుంచండి, అవి ఉండే ఉంటాయి. నేను కల్పించింది బస్టాండుకు జగదీష్ రావడం. అతను రాలేదు. డబ్బా ఆమే కట్టుకుంది.