బుట్టలోది

నేను ఒక ఉప్పుకల్లును. ఇప్పుడు కల్లుగా లేననుకోండి, కరిగిపోయి చాలా కాలమైంది. అయినా పోయినవాళ్ళని మనుషులు పేరు పెట్టే తలుచుకుంటారు కదా, నన్నూ అలాగే అనుకోండి. ఒక ఇంటి గచ్చు కింద, నల్లమట్టిలో, చీకట్లో ఉంటాను. పైన ఎవరు నడుస్తున్నారో నాకు తెలుస్తూనే ఉంటుంది. తేలిక అడుగులు ఆదెమ్మవి. బరువడుగులు ఆమె మొగుడు సింగరకొండ మేస్త్రీవి. రెండడుగులు వేసి ఆగి, మళ్ళీ వేసేవి వాళ్ళ కూతురివి.

నేను పుట్టింది చినగంజాం ఉప్పు కొఠారులో. సముద్రాన్ని కాలవ వెంట పిలుచుకొచ్చి, మడిలో కూర్చోబెట్టి, ఎండను కాపలా పెడతారు. నీళ్ళు మెల్లగా పైకి వెళ్ళిపోతాయి. వెళ్ళలేనిది అడుగున మిగులుతుంది, ఆ మిగిలినదాన్నే నేను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు మూతలు పడుతున్నట్టుంటుంది. తెల్లటి వెలుతురు, ఉప్పుగాలి, దూరంగా ఎప్పుడూ ఆగని హోరు. ఆ హోరు మా అమ్మదని నాకు చాలాకాలం తెలియదు.

ఒక ఉదయం ఆడవాళ్ళు చెక్కపలకలతో మమ్మల్ని గట్టుకు లాగారు. ఆ లాగుడులో నేను అడుగున పడ్డాను. మడి బురద ఒంటికి అంటింది. దాంతో నా తలరాత మారిపోయింది. తెల్లగా ఉన్నవాళ్ళంతా వంటిళ్ళకి బయల్దేరారు. ఆవకాయ జాడీ అని ఒకటుంటుందనీ, అందులో మామిడిముక్కను ఆనుకుని ఏడాదంతా హాయిగా పడుకోవచ్చనీ మా రాశిలో చెప్పుకునేవాళ్ళం. నాకూ ఆ ఆశ ఉండేది. నన్ను మాత్రం చేపలెండబెట్టేవాళ్ళకో, ఐసు ఫ్యాక్టరీకో పోతుందిలే అని విడిగా పోశారు. ఉప్పు తిన్న విశ్వాసం గురించి మనుషులు గొప్పగా చెబుతారు గానీ, ఉప్పు పట్ల వాళ్ళు చూపే విశ్వాసం ఈపాటిదే.

నేనంటే వాళ్ళకి అదో రకం భయం కూడా. చేతికి చేతికి ఇచ్చుకోరు, ఇచ్చుకుంటే తగాదాలొస్తాయట. ఎవరి నేల మీదైనా కసి ఉంటే అక్కడ ఉప్పు పోసి పోతారు, ఇక అక్కడ గడ్డి కూడా మొలవదని. దీపాలు పెట్టాక నా పేరే ఎత్తరు. అవసరమైతే ‘బుట్టలోది’ అంటారు. ఇంత భయపడేదాన్ని పప్పులో వేసుకోకుండా మాత్రం ఒక్కపూట గడపలేరు. ఈ బుట్టలోది అన్న మాటే నా కథను ఒక మలుపు తిప్పింది.

కొఠారుకి పడమరగా రేగళ్లపాలెం అనే ఊరుంది. అక్కడిదంతా రేగడి నేల. ఎండాకాలంలో నోళ్ళు తెరుస్తుంది, ఆ బీటలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది. వాన పడితే పులిసిన పిండిలా పొంగుతుంది. ఆ ఊళ్ళో రేగడిని పత్తికి కన్నతల్లి, గోడకి సవతితల్లి అంటారు. సింగరకొండ ఆ ఊరి మేస్త్రీ. చెయ్యి మంచిదే. కానీ అతను కట్టిన గోడలు కూడా రెండేళ్ళకి నెర్రెలు విచ్చేవి. తప్పు నేలది, పేరు అతనిది. ‘బీటల మేస్త్రీ’ అని ముఖం మీదే పిలిచేవాళ్ళు.

పేరు పోతే పోయింది, అతనికి అసలు దెబ్బ తన ఇంట్లోనే తగిలింది. నేను రాకముందు ఏడు, శ్రావణంలో ముసురు పట్టింది. ఆదెమ్మ నెలల పిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టి, బోరింగు దగ్గరికి బిందెతో వెళ్ళింది. వెనక గాలికి తలుపు పడింది. కింద నేల ఉబ్బి, ద్వారబంధం వంగి ఉందేమో, పడిన తలుపు బిగుసుకుపోయింది. లోపల పిల్ల లేచి ఏడుపు. ఆదెమ్మ భుజంతో గుద్దింది, ఇరుగుపొరుగు గుద్దారు. తలుపు రాలేదు. చివరికి ఎవరో పైకెక్కి, పెంకులు తీసి, లోపలికి దూకారు. అప్పటికి పిల్లకి గొంతు పోయి, నోరు తెరిస్తే శబ్దం రావడం లేదు.

మర్నాడే ఆదెమ్మ పిల్లనెత్తుకుని పుట్టింటికి పోయింది. పోతూ మొగుడితో ఒకే మాట అంది. “వానాకాలంలో ఒంటిచేత్తో మూసి, ఒంటిచేత్తో తీసే తలుపు చూపిచ్చు. ఆ రోజొస్తా.”

సింగరకొండ ఆ ఇంటిని తన చేత్తోనే పడగొట్టాడు. తర్వాత ఒంగోలులో మట్టి పరీక్షలు చేసే ప్రసన్నలత మేడం దగ్గరికి వెళ్ళాడు. ఒకప్పుడు ఆమెకి ప్రహరీ కట్టిన పరిచయం ఉంది. ఆమె అతను తెచ్చిన రేగడిని రెండు గాజుగ్లాసుల్లో దట్టించింది. ఒకదాంట్లో ఉత్త మట్టి, రెండోదాంట్లో ఉప్పునీళ్ళతో కలిపిన మట్టి. రెండింటి మీదా నీళ్ళు పోసి ఒక రాత్రి కదపకుండా ఉంచింది. మర్నాటికి ఉత్త మట్టి గ్లాసు అంచు దాటి లేచింది. ఉప్పు కలిసింది కొంచెం కదిలి సర్దుకుంది.

“ఈ మట్టి రేకులు రేకులుగా ఉంటుంది మేస్త్రీ. రేకుల మధ్యకి నీళ్ళు దూరితే ఉబ్బుతుంది. ఉప్పుంటే రేకులు దగ్గరకొస్తాయి, అన్ని నీళ్ళు పట్టవు. కానీ మూడు గుర్తుపెట్టుకోండి. ఉప్పుకి ఇనుము పడదు, కాబట్టి పునాది రాతిది కావాలి. గోడ పక్కన నీళ్ళు నిలవకూడదు, నిలిస్తే ఉప్పు కడుక్కుపోతుంది. ఇంకోటి, ఇది రేగడిని మంచి చేసుకోవడమే, చంపడం కాదు,” అంది ఆమె.

సింగరకొండకి మూడోది బాగా నచ్చింది. గ్లాసులు రెండూ ఊరికి తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం ట్రాలీ ఆటో నడిపే సుభానీకి ఫోను చేశాడు. అప్పటికే దీపాలు పెట్టారు. పైగా పునాదిలో ఉప్పు పోస్తున్నాడని ఊరికి తెలిస్తే ఏమంటారో అని లోపల బెరుకు. అందుకని, “అబ్బయ్యా, పొద్దున్నే చీరాల వైపు నుంచి బుట్టలోది ఏసుకురా, బండి నిండా,” అన్నాడు. సుభానీ టౌనువాడు, ఆ మాట ఎరగడు. పొద్దున్నే బండి నిండా కోడిపిల్లల బుట్టలతో దిగాడు. ఆ సంగతి తర్వాత వాళ్ళు చెప్పుకుని నవ్వుకుంటుంటే నేను విన్నాను.

“ఉప్పని చెప్పొచ్చుగా అన్నా.”

“దీపాలు పెట్టినాక ఆ మాట ఎట్టంటార్రా?”

“మరి బుట్టల్లో ఉండేయి కోడిపిల్లలేగా.”

సింగరకొండ ఒక బుట్ట ఉంచుకుని మిగతావి వెనక్కి పంపాడు. రెండో విడత మేమొచ్చాం, గోతాల్లో.

తవ్వి తీసిన రేగడి ఇంటిస్థలం చుట్టూ నల్లగా కుప్పపోసి ఉంది. నన్ను తొట్టిలో పోసి నీళ్ళు వదిలారు. భయమేస్తుందనుకున్నాను, వెయ్యలేదు. ముందు అంచులు పోయాయి. తర్వాత నాకు అంటిన బురద విడిపోయింది. ఇది నేను, అది నీరు అనే గీత పోయింది. ఎన్నో రోజుల తర్వాత మళ్ళీ సముద్రంలో ఉన్నట్టనిపించింది, ఆ సముద్రం తొట్టెడే అయినా. ఆ మత్తులో ఉండగానే నన్ను రేగడి మీద చల్లి, కలిపి, గోతిలో పొరలు పొరలుగా పోసి దిమ్మిసలతో కొట్టారు. ధబ్ ధబ్ అని పైనుంచి శబ్దం, కింద నిద్ర.

ఆ శబ్దం ఒక పొద్దున ఆగిపోయింది. గోతి ఒడ్డున ఆదెమ్మ నిలబడి ఉంది, చంకలో పిల్లతో. కోడిపిల్లల కథ నవ్వొచ్చే కథ కదా, సుభానీ దాన్ని ఆమె పుట్టిల్లుండే ఊరు దాకా మోశాడు. అందరూ నవ్వారు, ఆమె ఒక్కతే నవ్వలేదు. అదే ఆటో ఎక్కి వచ్చింది.

“పగోడింట్లో పోసేది మనింట్లో పోస్తివా?”

“మంచికేనే. మేడం చెప్పింది.”

“పిల్ల నడిచే నేలయ్యా ఇది. దీనికింద ఉప్పు పోసి, ఇంక ఏం మొలవాలని?”

అతను గాజుగ్లాసులు తెచ్చి చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది. “గ్లాసులో నిలబడ్డది ఇంటికింద నిలబడుద్దా?” అంది. ఆమె వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయింది. ఆ గడప తొక్కనని చెప్పి మరీ వెళ్ళింది. అతను గోతి ఒడ్డున కూర్చుని మొహం తుడుచుకున్నాడు. ఆ రోజు మళ్ళీ దిమ్మిస ఎత్తలేదు. నాకు చాలా బాధేసింది. ఉప్పుకి కన్నీళ్ళ రుచి కొత్త కాదు గానీ, అవి నా వల్ల రావడం అదే మొదటిసారి.

రాతిపునాది లేచింది, గోడలు లేచాయి, తలుపు పెట్టారు. ఇంటి చుట్టూ ఏటవాలుగా అరుగు వేసి, చూరునీళ్ళు దూరంగా పోయేలా కాలవ తీశాడు. ఇక మిగిలింది వాన.

కింద నాకూ రేగడికీ స్నేహం కుదిరింది. దానిది పెద్ద ప్రాణం, నిదానపు మాట. “ఒకప్పుడు నేనూ నీళ్ళ అడుగునే ఉండేదాన్ని. అందుకే వానొస్తే ఆగలేను, లేచి ఎదురెళ్ళాలనిపిస్తుంది,” అంది. దానికి కోపం లేదని నాకప్పుడు తెలిసింది. గోడల్ని పగలగొట్టాలని అది ఏనాడూ అనుకోలేదు. ఉన్నదంతా దాహం. “నీకు సముద్రం కావాలి. నేను ఉన్నాను కదా, నన్ను పట్టుకుని పడుకో,” అన్నాను. అది నన్ను రేకు రేకునా చుట్టుకుంది. నేను దానికి సముద్రపు కబుర్లు చెబుతుంటే వింటూ జోగేది.

శ్రావణం వచ్చింది. ముసురు పట్టింది. పక్కింటి నేల ఉబ్బడం మాకు తెలుస్తూనే ఉంది. ఊళ్ళో తలుపులు మొరాయించాయి, వడ్రంగి చిత్రిక పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. మా మీదకీ తడి దిగింది. రేగడి ఒళ్ళు విరుచుకుంది. “వద్దమ్మా,” అన్నాను. కొంచెం కదిలింది, నిట్టూర్చింది, సర్దుకుంది. పైన సింగరకొండ రోజూ పొద్దున్నే తలుపు మూసేవాడు, తీసేవాడు. మెచ్చుకునేవాళ్ళెవరూ లేని ఇంట్లో ఆ శబ్దం వినడం కష్టంగా ఉండేది.

మళ్ళీ ఆ సుభానీయే ఆదెమ్మ పుట్టింటికి వెళ్ళి చెప్పాడు. “తలుపు పడతంది వదినా. నేనే మూసి చూశా.”

ఆదెమ్మ వానలోనే వచ్చింది. గడప బయటే నిలబడింది. పిల్లను ఎడమచంకలో పెట్టుకుని, కుడిచేత్తో తలుపు లాగింది. పడింది. నెట్టింది. తెరుచుకుంది. మళ్ళీ లాగింది, మళ్ళీ నెట్టింది. అలా ఎన్నిసార్లు చేసిందో నేను లెక్కపెట్టలేదు. లోపల సింగరకొండ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, కింద మేమిద్దరం కూడా.

“మేడం ఇంకేం చెప్పింది?” అని అడిగింది ఆమె, బయటి నుంచే.

“నీళ్ళు తగిల్తే కరుగుద్ది, కరిగి మట్టిలో కలుస్తదని.”

ఆదెమ్మ పిల్ల నుదురు చీరకొంగుతో తుడుస్తూ, “పిల్లకి దిష్టి తీసి ఉప్పు నీళ్ళలో ఏస్తాం. అది కరిగితే దిష్టి పోయినట్టేగా. నువ్వు ఇంటికంతటికీ దిష్టి తీశావు. ఆ మాట నాకు చెప్పొచ్చుగా,” అంది. గడప దాటింది. ఆ తేలిక అడుగు నా మీద పడిన మొదటిసారి అదే. ఆనందంతో నాకు మళ్ళీ కల్లునైపోయినట్టనిపించింది.

ఆ సాయంత్రం పక్కింటి మంగతాయారు వచ్చింది. వాళ్ళ తలుపు రెండ్రోజులుగా రాక, దొడ్డిదారిన తిరుగుతున్నారు. “మీ తలుపు ఎట్టా పడతందమ్మా? పునాదిలో ఏమేశారు?” అని అడిగింది. అప్పుడే దీపం పెట్టిన ఆదెమ్మ పొయ్యి దగ్గర నుంచే, “బుట్టలోది,” అంది. మంగతాయారు వసారాలో బుట్ట కింద కునుకుతున్న కోళ్ళ వైపు ఒకసారి చూసి, ఇంకేం అడక్కుండా వెళ్ళిపోయింది. ఆ ఏడు ఊళ్ళో కోడిపిల్లలకి బాగా గిరాకీ వచ్చిందని విన్నాను. మనుషుల సంగతి అంతే, అడిగేటప్పుడు సగం అడుగుతారు, వినేటప్పుడు సగం వింటారు.

నేను ఇక్కడ శాశ్వతం కాదు. ఎంత జాగ్రత్తపడ్డా ప్రతి వానకీ నాలో ఒక పిసరు జారి కాలవలో కలుస్తుంది, వాగులో కలుస్తుంది, ఎప్పటికో కొఠారు దాటి అమ్మ దగ్గరికి చేరుతుంది. నాకు తొందరేం లేదు. ఆదెమ్మకి అంతకన్నా లేదు. అంట్లనీళ్ళు కూడా గోడకి దూరంగా తీసుకెళ్ళి పారబోస్తుంది. పిల్ల గోడ పక్కన చెంబెడు నీళ్ళు ఒలకబోస్తే కసురుతుంది. ఆవకాయ జాడీలో కూడా నన్ను ఇంత అపురూపంగా చూసుకునేవాళ్ళు కాదేమో.

ఇప్పుడు చీకటి పడింది, పైన వాన మొదలైంది. సరిగ్గా నా మీద చాప పరిచి పిల్లను పడుకోబెట్టారు. రేగడి నిద్రలో ఉలిక్కిపడి లేవబోయింది, వద్దమ్మా అన్నాను. ఆదెమ్మ లేచి వెళ్ళి ఒంటిచేత్తో తలుపు వేసింది. పిల్ల లేవలేదు.