కూడలి గోడ

పొద్దున్నే మిషను మీది గుడ్డ తీశాక కుట్టుపనావిడ కొలతల టేపుతో ముందు తన గదిని కొలుచుకునేది, ఆ తరవాతే బట్టలు. మూడు రోడ్లు కలిసే చోట ఇల్లు కావడంతో నియోజకవర్గంలో ఎప్పుడు ఎన్నికలొచ్చినా మొదటి గుర్తు ఆవిడ గోడ మీదే పడేది. గుర్తు పడ్డ ప్రతిసారీ గోడ రెండడుగులు లోపలికి లావెక్కేది. వీధివైపు మాత్రం అంగుళం జరిగేది కాదు. నాయకుల కార్లకు అడ్డం రాకూడదని దానికెవరు నేర్పారో మరి!

మొదటిసారి గొడుగు గుర్తు గెలిచినప్పుడు మామగారి మంచం వంటింట్లోకి జరిగింది. "మన గోడ చలవేనమ్మా!" అని ఆయన మురిసిపోయాడు. తాళంచెవి వరసగా రెండుసార్లు గెలిచేసరికి ముందుగది మాయమైంది. మళ్లీ గొడుగు, ఆ తరవాత నిచ్చెన. గోడ మీద ఎవరుంటే వాళ్లకే ఆవిడ ఓటేసేది. కలిసి కాపురం చేయాల్సింది దానితోనే కదా.

మామగారూ, మొగుడూ పోయి ఆవిడ ఒక్కతే మిగిలింది. గదిలో రెండడుగుల మీద జానెడు మిగిలింది. అంతలో నిచ్చెన మీద గెలిచిన పెద్దమనిషి రెండేళ్లు తిరక్కుండానే రాజీనామా చేసి గొడుగు కిందికి దూకాడు. ఉప ఎన్నిక వచ్చిపడింది.

రంగు డబ్బాలతో వచ్చిన పెయింటరుకి ఆవిడ ఎదురెళ్లింది.

"తమ్ముడూ, ఈసారికి వదిలెయ్. ఇంకొక్క గుర్తు పడితే మిషను పట్టదు. నేనెక్కడ కూర్చుని కుట్టుకోను?"

"కలిసొచ్చిన గోడంటున్నారక్కా. నా చేతిలో ఏముంది?"

"పోనీ పాత నిచ్చెనన్నా గీకి రాయి."

"అమ్మో! దాని పక్కన ఉన్నది ఆయన పేరే. గీకితే మనిషి మారినట్టు కనపడుతుందట, పైన పూసెయ్యమన్నారు."

పూశాడు. సాయంత్రానికి మిషను పక్కసందువైపున్న గుమ్మం మెట్టు మీదికొచ్చింది. లోపల జానెడు చోటుంది, అందులో చీపురు పట్టింది. మర్నాడు ఆవిడ మెట్టు మీదే కూర్చుని కుట్టింది.

వారం తిరక్కుండా ఓటర్ల జాబితా పట్టుకుని ఒక టీచరమ్మ వచ్చింది.

"ఈ ఇంట్లో ఎవరుంటారు?"

"నేనేనమ్మా."

టీచరమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, వేళ్లతో గోడ మీద తట్టింది. "ఇది గోడ కదండీ. ఇల్లని ఎలా రాయను? మీరుండేది మెట్టు మీద. మెట్టుకి నంబరుండదు."

"ఐదుసార్లు ఓటేశానమ్మా. ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు!"

"అయ్యో, పాపం," అంటూనే టీచరమ్మ పేరు మీద స్కేలు పెట్టి, వంకర పోకుండా గీత గీసింది.

ప్రచారం ఆఖరి రోజున గొడుగు పెద్దమనిషి సందులోకొచ్చాడు. తన గోడను చూసి మురిసిపోయి, మెట్టు దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు. ఆవిడ మిషను ఆపింది. ఐదు ఎన్నికలుగా దాచుకున్న మాట ఇవాళ మొహం మీదే అనేద్దామని లేచింది.

"ఈవిడకి ఓటు లేదన్నా, తీసేశారు," అన్నాడు వెనకున్న మనిషి.

పెద్దమనిషి జోడించిన చేతులు విడదీసి, పక్కింటి గుమ్మం ముందు మళ్లీ జోడించాడు.